లరేడోకి నేను మోసుకెళ్ళిన ఇంటూ

అమెరికా దక్షిణపు అంచున ఉన్న లరేడో వెళ్తున్నానని చెబితే, మేముండే అల్ఫారెట్టాలో మా తెలుగువాళ్ళెవరూ మెచ్చుకోలేదు. "అక్కడేముందండీ, బోర్డరే కదా" అన్నారు. "హ్యూస్టన్‌లో ట్రై చేయాల్సింది" అని ఒకావిడ సలహా ఇచ్చింది. మా అమ్మాయి సహస్రకి పన్నెండేళ్ళు, స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటోంది. నా వంక జాలిగా చూసి, "అమ్మా, నీకు స్పానిష్ రాదు కదా, హౌ విల్ యూ టీచ్?" అంది. "మ్యాథ్స్‌కి భాషేంటే" అన్నాను. ఆ మాట ఎంత తప్పో తెలుసుకుని వచ్చాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఒంగోలులో పద్నాలుగేళ్ళు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పాను. మావారి ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చాక చాలాకాలం ఇంట్లోనే ఉండి, నలభై మూడో ఏట మళ్ళీ యూనివర్సిటీలో చేరాను. కోర్సులో భాగంగా ఒక సెమిస్టర్ ఎక్కడైనా టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేయాలి. అప్లై చేసిన తొమ్మిది చోట్లలో రమ్మన్నది లరేడోలోని ఒక చిన్న కాలేజీ మాత్రమే. ఆగస్టు చివర్లో వెళ్ళి డిసెంబరులో తిరిగొచ్చాను. వెళ్ళేటప్పుడు వెళ్ళాలని లేదు, వచ్చేటప్పుడు రావాలని లేదు.

బస్సు కిటికీలో సర్కారు తుమ్మ

శాన్ ఆంటోనియో నుంచి లరేడోకి బస్సులో మూడు గంటలు. ఊరు దాటిన కాసేపటికి పచ్చదనం పోయి, ఎండకి మాడిన నేల, ముళ్ళ చెట్లు మొదలయ్యాయి. ఆ చెట్లను చూసి సీట్లో నిటారుగా కూర్చున్నాను. సన్నటి ఆకులు, వంకర కొమ్మలు, వేలాడే కాయలు. ఒంగోలు నుంచి ఎటు వెళ్ళినా రోడ్డు పక్కన కనిపించే సర్కారు తుమ్మ ఇక్కడ నాకు ఎదురొచ్చింది.

పక్క సీట్లో గడ్డి టోపీ పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. ఇంగ్లీషులో అదేం చెట్టని అడిగాను.

"మెస్కీట్" అన్నాడు. "దీని కట్టె మీద కాల్చిన మాంసం రుచి ఇంక దేనికీ రాదు. మీ ఊళ్ళో ఉందా?"

"అచ్చం ఇది కాదేమో, దీని అక్కో చెల్లెలో ఉంది. మావాళ్ళు తిట్టుకుంటూ కొట్టి బొగ్గు చేస్తారు. ఎవరో తెచ్చి నాటారట, ఇప్పుడు పొమ్మన్నా పోవడం లేదు."

ఆయన చాలాసేపు నవ్వుకున్నాడు. "మావాళ్ళు ఎక్కడికెళ్ళినా అంతే" అన్నాడు. దిగేటప్పుడు డ్రైవరుకి, నాకు, ముందు సీట్లోని ముక్కూమొహం తెలియని ఇద్దరికీ విడివిడిగా వెళ్ళొస్తానని చెప్పి దిగాడు. మా అల్ఫారెట్టాలో పక్కింటివాళ్ళకి కారులోంచి చెయ్యి ఊపడమే పెద్ద పలకరింపు. ఊరు చేరకముందే ఆ ఊరి మీద నాకు గౌరవం మొదలైంది.

మందు అడిగే ఇల్లుగలావిడ

నేను అద్దెకి దిగిన గది దోన్యా ఎల్వా ఇంట్లోది. దోన్యా అంటే మన 'గారు' లాంటిదే, కాకపోతే పేరుకి ముందుంటుంది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టి ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళి చేసి, ఇప్పుడు ఒక్కతే ఉంటోంది. నాతో మాత్రం తనకొచ్చిన కాస్త ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. ఆ ఊళ్ళో దుకాణంలో, బ్యాంకులో, డాక్టరు దగ్గర అంతా స్పానిష్‌లోనే నడుస్తుంది. ఇంగ్లీషు అవసరమైతే ఎవరో ఒకరు సాయం వస్తారు. అమెరికాలోనే ఉన్నానని నాకు గుర్తు చేసింది పోస్టు డబ్బా మాత్రమే.

నేను పేరు పెట్టి పిలిచినప్పుడల్లా దోన్యా ఎల్వా "మాందే?" అనేది. నా చెవికి అది "మందే?" అని వినిపించేది. ఏ మందు అడుగుతోందో తెలియక రెండు రోజులు తికమకపడి, మూడో రోజు నా దగ్గరున్న జ్వరం మాత్రలు తీసుకెళ్ళి చూపించాను. అప్పుడు తెలిసింది, దానికి 'సెలవియ్యండి' అని అర్థమట. డెబ్బై రెండేళ్ళ మనిషి అద్దెకుండే దాన్ని సెలవియ్యమంటోంది. నన్ను మాత్రం 'మిహా' అనేది, అంటే 'అమ్మాయ్' అని. నన్ను అమ్మాయ్ అని పిలిచి ఎవరైనా అన్నం పెట్టి చాలా ఏళ్ళయింది. ఊరికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వంటింట్లో నాకు పరాయితనం అనిపించలేదు. కొత్తిమీర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, నిమ్మకాయ ఎప్పుడూ బల్ల మీదే ఉంటాయి. నాగజెముడు మట్టలకి ముళ్ళు చెక్కి, ముక్కలు చేసి గుడ్డుతో వేయిస్తుంది. జిగురు సాగుతుంది, కాస్త పులుపు తగులుతుంది, బెండకాయ వేపుడు తినేవాళ్ళు దానికి దడవక్కర్లేదు. ఒకటే పొరపాటు జరిగింది. వారం రోజులు రొట్టెల్లోకి నేను ఆవురావురుమని తిన్న చిక్కుడుగింజల ముద్ద పంది కొవ్వుతో చేసిందని ఎనిమిదో రోజు తెలిసింది. నా మొహం చూసి ఆవిడ కంగారుపడింది. మర్నాటి నుంచి నా కోసం వేరే మూకుడులో నూనెతో చేసింది. అందులో పాత రుచి లేదని ఇప్పటికీ ఆవిడకి చెప్పలేదు.

ఊరి పక్క నదే సరిహద్దు; అవతల ఒడ్డున, పక్క దేశంలో, ఆవిడ చెల్లెలుంది. పళ్ళ డాక్టరుకీ పెళ్ళిళ్ళకీ వంతెన దాటి వెళ్ళొస్తుంది. నన్నూ రమ్మంది. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో అయిపోయింది, దాటితే మళ్ళీ లోపలికి రావడం కష్టం. నేను ఇవతలి ఒడ్డున, చింతపండు గుజ్జూ కారం పోసిన ఐసు గ్లాసు పట్టుకుని నిలబడి, అవతల ఎవరో ఆరేసిన దుప్పట్లు చూశాను. ఒడ్డులు రెండూ ఒకేలా ఉన్నాయి.

మరియాచీ తిని లెక్కల గదికి

పొద్దున తినే టాకోని లరేడోలో మరియాచీ అంటారు. మరియాచీ అంటే పాటగాళ్ళ మేళమని మా అమ్మాయి స్పానిష్ పుస్తకంలో ఉంది. తినే వస్తువుకి ఆ పేరెలా వచ్చిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. మైదా రొట్టెలో బంగాళాదుంపా గుడ్డూ చుట్టి ఇస్తారు, రెండు డాలర్ల పైచిలుకు. అదే డబ్బుకి అల్ఫారెట్టాలో చట్నీ కూడా విడిగా రాదు. తింటుంటే పక్కనుంచి వెళ్ళే ప్రతివాడూ ఆగి "ప్రొవేచో" అంటాడు. తిన్నది ఒంటబట్టాలని దీవెన. మొదట్లో నా పళ్ళెంలోకి చూస్తున్నారనుకుని పళ్ళెం ఇటు లాక్కున్నాను. అక్టోబరు వచ్చేసరికి నేనూ అందరికీ ప్రొవేచో చెప్పడం మొదలుపెట్టాను.

కాలేజీలో నా పని లెక్కల ల్యాబ్‌లో. బోర్డు మీద రాసేది లెక్చరరు. నేను బల్లల మధ్య తిరుగుతూ, ఎవరు చెయ్యెత్తితే వాళ్ళ పక్కన వంగి దారి చెప్పి, తర్వాతి బల్లకి వెళ్ళాలి. అందరూ నన్ను "మిస్" అనేవాళ్ళు, పేరుతో పనిలేదు. వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు ప్రతివాళ్ళూ గదిలో అందర్నీ పలకరించేవాళ్ళు. ఒంగోలులో బెల్లు కొట్టగానే పరుగెత్తే నా పాత పిల్లలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మరిసెలా

అక్టోబరు మొదటి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి, ముతక నీలం దుస్తుల్లో, చేతిలో నోట్సుతో మరిసెలా వచ్చేది. నలభై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా ఒక పెద్దాయనకి ఇంట్లో ఉండి సేవ చేస్తోంది. నర్సింగ్ కోర్సులో చేరాలని ఆమె కోరిక. చేరాలంటే లెక్కల పరీక్ష పాసవ్వాలి, ఎక్కువగా మందుల మోతాదుల లెక్కలు. ఇరవై ప్రశ్నల్లో పద్నాలుగు రావాలి. ఏడాదికి మూడుసార్లే రాయనిస్తారు. అప్పటికి రెండుసార్లు తప్పింది, పదకొండు ఒకసారి, పన్నెండు ఒకసారి. మూడోది నవంబరులో.

"ఇది పోతే ఇంక రాయను మిస్" అని మొదటి రోజే చెప్పింది. "నా ఒళ్ళు సహకరించేది ఇంకొన్నేళ్ళే. పెద్దవాళ్ళని ఎత్తి మంచం మీద పడుకోబెట్టే పని యాభై దాటాక చేయలేను. నర్సునైతే ఆ పని చేయించవచ్చు, నేను చేయక్కర్లేదు."

నేను గట్టిగా మాటిచ్చాను. పద్నాలుగేళ్ళ అనుభవం నాది, ఈ పాటి లెక్కలు నాకొక లెక్కా అనుకున్నాను.

ఆమె లాంటి విద్యార్థిని నేను చూడలేదు. చెప్పిన ప్రతి మాటా రాసుకునేది. ఫోను బయటికి తీసేది కాదు. ఐదు వారాల తర్వాత ఒక పాత ప్రశ్నపత్రం ఇచ్చి రాయించాను. ఇరవైకి ఎనిమిది వచ్చాయి.

ఎవరి దగ్గరా నేర్చుకోకుండా పన్నెండు తెచ్చుకున్న మనిషికి నా దగ్గర నేర్చుకున్నాక ఎనిమిది. నాకు ఒళ్ళు మండింది. ఆమె కాగితం మీద ఎర్రపెన్నుతో పన్నెండు ఇంటూ మార్కులు పెట్టి, "కాస్త శ్రద్ధ పెట్టండి మరిసెలా, ఇవి ఐదో తరగతి లెక్కలు" అన్నాను. ఆమె తల దించుకుని, అలాగేనన్నట్టు, "సీ, మిస్" అంది. అప్పటికి పరీక్ష ఏడు రోజుల్లో ఉంది.

నోట్సు మొదటి పేజీ

మర్నాడు ఆమె వస్తుందనుకోలేదు. వచ్చింది. నిన్నటి మాట నాలోనూ గుచ్చుతూనే ఉంది, అందుకే ఆ రోజు బల్లల మధ్య తిరగడం మానేసి ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి లెక్క: ఒక మాత్ర 250 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు, మొత్తం ఎంత? ఆమె 250ని మూడుతో భాగించి 83.33 అని రాసింది.

"ఎందుకు భాగించారు?" అన్నాను.

"మీరే చెప్పారు కదా మిస్."

"నేనా?"

ఆమె నోట్సు మొదటి పేజీ తీసి చూపించింది. నేను చెప్పిన సూత్రాలన్నీ గుండ్రటి అక్షరాలతో వరసగా ఉన్నాయి. అందులో ఎర్రసిరాతో కింద గీత గీసుకున్న సూత్రం: ఎన్నిసార్లు అని అడిగితే 'ఎంత్రే'. ఎంత్రే అంటే భాగహారమని అప్పటికి నాకు తెలుసు.

"నేను ఎంత్రే అనలేదు. ఇంటూ అన్నాను."

"ఇంటూ అంటే ఎంత్రేనే కదా మిస్" అంది ఆమె అమాయకంగా.

మనకి ఇంటూ అంటే గుణకారం. బడిలో చేరిన రోజు నుంచి టూ ఇంటూ త్రీ సిక్స్. తప్పు రాస్తే కొట్టే మార్కు కూడా ఇంటూనే. ఈ దేశంలో త్రీ ఇంటూ ట్వెల్వ్ అంటే పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుందని, అంటే భాగహారం. గుణించమనాలంటే 'టైమ్స్' అనాలి, స్పానిష్‌లో 'పోర్' అనాలి. నేను బల్ల బల్లకీ తిరిగి, వచ్చిన రోజు నుంచీ, గుణించాల్సిన చోటల్లా భాగించమని చెప్పుకుంటూ వచ్చాను. మిగతా పిల్లలు నా మాట సగం విని, సగం ఫోనులో చూసుకుని సొంతంగా చేసుకున్నారు కాబట్టి బతికిపోయారు. నేను చెప్పింది తు.చ. తప్పకుండా విన్నది మరిసెలా ఒక్కతే.

"ఈ జవాబు చూసి మీకు ఏమీ అనిపించలేదా?" అని అడిగాను.

"అనిపించింది మిస్. మా పెద్దాయనకి ఆ మాత్రలు రోజూ నా చేత్తోనే ఇస్తాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. మూడు మాత్రలు కలిపితే ఒక మాత్ర కంటే తక్కువెలా అవుతుందని అనుకున్నాను." నోట్సు పేజీ అంచు వేలితో సాపు చేసింది. "కానీ మీరు టీచరు కదా."

ఆమె చేతులకి తెలుసు. నా మీది గౌరవంతో తన చేతులని నమ్మడం మానేసింది. ఆ చేతుల వంక చూడలేకపోయాను. పద్నాలుగేళ్ళలో ఏ విద్యార్థికీ క్షమాపణ చెప్పినట్టు గుర్తు లేదు. ఆ రోజు చెప్పాను, తప్పు నాదేనని, మీ శ్రద్ధలో లోపం లేదని, నిన్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని. ఆమె నోట్సు మూసి, "ఇంకా ఆరు రోజులున్నాయి మిస్" అంది.

దోన్యా ఎల్వా అప్పడాల కర్ర

ఆ ఆరు రోజులూ ల్యాబ్ మూసేశాక మా పాఠం దోన్యా ఎల్వా వంటింట్లో. ఆవిడ ఒక పక్క రొట్టెలు ఒత్తుకుంటూ వినేది. మొదటి పని, నా నోట్లోంచి ఇంటూ తీసెయ్యాలి. ఎక్కడ పోతుంది. పోర్ అనబోయి ఇంటూ అనేదాన్ని. నేను జారినప్పుడల్లా దోన్యా ఎల్వా అప్పడాల కర్రతో బల్ల మీద ఠక్కున కొట్టేది. మొదటి రోజు పంతొమ్మిదిసార్లు కొట్టింది. మా తెలుగులో పోరు అంటే గొడవని చెబితే, "సరిగ్గానే ఉంది మిహా, నువ్వు దాంతో గొడవే పడుతున్నావు" అంది.

దోన్యా ఎల్వా మూడో తరగతి దాటి చదవలేదు, ఎక్కాలు మాత్రం నీళ్ళు తాగినట్టు చెప్పేది. "త్రెస్ పోర్ త్రెస్, నువేవే" అని ఆవిడ రాగం తీస్తే, "మూడు మూళ్ళు తొమ్మిది" అని నేను అందుకునేదాన్ని. రాగం ఇద్దరిదీ ఒకటే. గచ్చు మీద మఠం వేసుకుని ఊగుతూ చెప్పే రాగం సముద్రాల అవతల కూడా అలాగే ఉంటుందని ఎవరనుకుంటారు. మరిసెలా మధ్యలో కూర్చుని లెక్కలు చేసేది. ఆమెకి నేను పెట్టిన కొత్త నియమం ఒక్కటే: జవాబు రాశాక పెన్ను కింద పెట్టి, ఆ మందు మీ చేత్తో మీ పెద్దాయనకి ఇవ్వగలరా అని ఆలోచించాలి. ఇవ్వలేనంటే మళ్ళీ చేయాలి, ఎవరు చెప్పినా సరే.

"మీరు చెప్పినా?" అంది.

"ముఖ్యంగా నేను చెప్పినా."

పరీక్ష గది బయట

పరీక్ష కంప్యూటరు మీద, పూర్తవగానే మార్కులు వస్తాయి. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నా ఇంటర్ రిజల్ట్స్ రోజు కూడా అంత భయపడలేదు. ఈమె తప్పితే ఆ తప్పు నాది, దాన్ని ఇంటికి తీసుకెళ్ళి మా అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియదు. పక్కన ఎవరో ముసలాయన మరియాచీ తింటున్నాడు. ప్రొవేచో చెప్పడం కూడా మర్చిపోయాను.

మరిసెలా బయటికి వచ్చి కాగితం నా చేతిలో పెట్టింది. పదిహేడు.

ఆమె నా పక్కన కూర్చుని తీరిగ్గా బూట్ల లేసులు కట్టుకుంది. తర్వాత అంది, "మూడు తప్పులు మిస్. మూడూ నా సొంతం."

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ముసలాయన మాకేసి చూసి టోపీ కాస్త పైకెత్తాడు.

తిరుగు ప్రయాణం

వచ్చేసే ముందు దోన్యా ఎల్వా ఇంట్లో తమాలెలు చేశారు. మొక్కజొన్న పిండి ముద్దని పొత్తు మీది ఎండు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించడం. మా మేనత్త పనసాకుల బుట్టల్లో వేసే పొట్టిక్కలు గుర్తొచ్చాయి. ఆ పని ఒక్కరే చేయకూడదట. ఒకరు పిండి రాస్తే ఒకరు కూర పెట్టాలి, ఒకరు చుట్టాలి. మరిసెలా వచ్చింది, నాకు చుట్టే పని ఇచ్చింది. నేను చుట్టినవి సగం విప్పుకున్నాయి. వాటిని ఎవరూ పక్కన పెట్టలేదు, నా పేరు చెప్పుకుని తిన్నారు.

అల్ఫారెట్టాకి వచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్ళు, "అయితే ఏముందండీ అక్కడ?" అని మళ్ళీ అడిగారు. నాగజెముడు కూర గురించి చెబితే మొహాలు చిట్లించారు. సహస్రకి మాత్రం ఇంటూ సంగతి మొత్తం చెప్పాను. "అమ్మా, దట్స్ సో ఎంబరాసింగ్" అంది. మళ్ళీ తనే, "బట్ ఆ ఆంటీ పాస్ అయింది కదా" అంది.

జనవరిలో మరిసెలా ఫోనుకి మెసేజ్ పెట్టింది. నర్సింగ్ క్లాసులు మొదలయ్యాయట. మోతాదుల పాఠం చెప్పే టీచరు కేరళ నుంచి వచ్చినావిడట. "మిస్, ఈ రోజు ఆవిడ ఇంటూ అన్నారు. నేను చెయ్యెత్తి, ఏ ఇంటూ మిస్, అని అడిగాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు, బోర్డు మీద రాసి చూపించారు. పోర్ అట."

ఆ మెసేజ్ చాలాసార్లు చదువుకున్నాను. పద్నాలుగేళ్ళు ఒంగోలులో నా క్లాసులో అలాంటి చెయ్యి ఒక్కటీ లేవలేదు. అది నా గొప్పతనమే అనుకునేదాన్ని.